గ్రేప్స్ మ్యూటెంట్ ఈగ బతుకుతుంది, దాని గుడ్లెందుకు బతకవు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: డ్రోసోఫిలా అనే పండ్ల ఈగల్లో గ్రేప్స్ మ్యూటెంట్‌లు, అంటే గ్రేప్స్ జన్యువు పాడైన ఆడ ఈగలు, చక్కగా పెరిగి పెద్దవవుతున్నాయి, గుడ్లూ పెడుతున్నాయి, కానీ ఆ గుడ్ల నుంచి లార్వాలు రావడం లేదు. గ్రేప్స్ జన్యువు తయారుచేసేది చెక్1 అనే కైనేజ్‌ని, అంటే ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌ని. పాఠ్యపుస్తకాల ప్రకారం డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు కణ విభజనను నిలిపేది అదే. మీరు ఎక్స్‌రే ఇవ్వలేదు, మందులేమీ కలపలేదు. మరి పిండాలెందుకు చచ్చిపోతున్నాయి? థీసిస్‌లో దీన్ని అభివృద్ధి జన్యువు అని రాయాలా, చెక్‌పాయింట్ (కణ విభజనను తనిఖీ చేసి ఆపే) జన్యువు అని రాయాలా? ఏదో ఒకటి తేల్చమని మీ గైడ్ అంటున్నారు.

నన్నడిగితే తేల్చనక్కర్లేదు. చెక్1 చేసే పని ఒకటే: డీఎన్ఏ రెప్లికేషన్ (కాపీ కావడం) పూర్తి కాకుండా, లేదా డీఎన్ఏకి తగిలిన దెబ్బ బాగుపడకుండా, మైటోసిస్ (కేంద్రకం రెండుగా చీలడం) మొదలవకుండా చూడటం. ఎక్స్‌రే తగిలిన లార్వా రెక్క కణంలోనూ అదే పని, ఏ దెబ్బా తగలని రెండు గంటల పిండంలోనూ అదే పని. ఇక ఆ పిండం గతి అలా ముగియడంలో పెద్ద చెయ్యి చెక్2 అనే ఇంకో కైనేజ్‌ది. మీ ప్రశ్నలో దాని ఊసే లేదు. కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను.

మొదట జన్యుశాస్త్రం సంగతి. గ్రేప్స్ మెటర్నల్ ఎఫెక్ట్ జన్యువు, అంటే పిండం గతి తల్లి జన్యువుని బట్టి ఉంటుంది. పిండం తొలి రెండు గంటలు తల్లి గుడ్డులో పోసిపెట్టిన ఆర్ఎన్ఏతో, ప్రొటీన్లతోనే నడుస్తుంది. హోమోజైగస్ (రెండు కాపీలూ పాడైన) మ్యూటెంట్ తల్లిని మామూలు మగ ఈగతో కలిపినా పిండాలు చస్తాయి. తండ్రి ఇచ్చిన మంచి కాపీ పని మొదలుపెట్టేలోపే జరగాల్సింది జరిగిపోతుంది. మీ మ్యూటెంట్ ఆడ ఈగ మాత్రం హెటెరోజైగస్ (ఒక కాపీ బాగున్న) తల్లికి పుట్టింది. ఆ తల్లి గుడ్డులో చెక్1 ఉంది గనక గండం గట్టెక్కింది. ఆ తర్వాత లార్వా, ప్యూపా దశల్లో కణాలు నింపాదిగా విభజన చెందుతాయి. మామూలుగా వాడే గ్రేప్స్ అల్లీల్‌లతో (పాడైన జన్యు రూపాలతో) ఈగ ఆ దశలు దాటి పెద్దదవుతుంది. ఎలుకలో ఇలా కుదరదు. చెక్1 పూర్తిగా పోగొట్టిన ఎలుక పిండాలు గర్భంలో తొలి రోజుల్లోనే పోతాయని 2000లోనే తేలింది. ఈ కైనేజ్‌ని అధ్యయనం చేయడానికి ఈగ అంత అనువుగా ఉండటానికి ఇదొక కారణం.

ఇప్పుడు ఆ రెండు గంటల్లో ఏం జరుగుతుందో చూడండి. ఈగ పిండంలో మొదటి 13 విభజనల్లో కేంద్రకాలు మాత్రమే చీలుతాయి, వాటి మధ్య కణ గోడలు ఏర్పడవు. ఒకే సైటోప్లాజంలో వేల కేంద్రకాలు, దాన్నే సిన్సీషియం అంటాం. ఈ చక్రాల్లో జీ1, జీ2 అనే మధ్య విరామ దశలు లేవు. రెప్లికేషన్, మైటోసిస్, మళ్లీ రెప్లికేషన్, అంతే. తొలి చక్రాల్లో జీనోమ్ మొత్తం 3 నుంచి 4 నిమిషాల్లో కాపీ అయిపోతుంది. బ్లుమెంతాల్, క్రీగ్‌స్టైన్, హాగ్‌నెస్ 1974లో చూపించిన లెక్క ఇది. రెప్లికేషన్ మొదలయ్యే చోట్లు ఒకదానికొకటి బాగా దగ్గరగా ఉండి, అన్నీ దాదాపు ఒకేసారి మొదలవడం వల్లే అది సాధ్యం. 10వ చక్రానికి కేంద్రకాలు పిండం ఉపరితలానికి చేరతాయి. అక్కణ్ణుంచి చక్రాలు సాగడం మొదలవుతుంది: 10వది సుమారు 9 నిమిషాలు, 13వది సుమారు 20. ఆపైన 14వ చక్రంలో ఇంటర్‌ఫేజ్ (రెండు మైటోసిస్‌ల మధ్య కాలం) గంట దాటుతుంది, దాదాపు 6000 కేంద్రకాల చుట్టూ కణ త్వచాలు కట్టుకుంటాయి, పిండం సొంత జన్యువుల ట్రాన్స్‌క్రిప్షన్ (ఆర్ఎన్ఏగా చదవడం) పెద్ద ఎత్తున మొదలవుతుంది. ఈ మలుపునే మిడ్‌బ్లాస్టులా ట్రాన్సిషన్ అంటారు.

9 నిమిషాల చక్రం 20 నిమిషాలకు సాగడానికి బ్రేకు వేసేది చెక్1. గ్రేప్స్ మ్యూటెంట్‌లో ఆ సాగడం సరిగ్గా జరగదు. విలియం సల్లివన్ బృందం 1994లో ఈ మ్యూటెంట్ 13వ చక్రం మెటాఫేజ్‌లో (క్రోమోజోములు విడిపోయే ముందు వరుసకట్టే దశలో) ఆగిపోతోందని రాసింది. 1997లో అదే బృందం ఈ జన్యువు ఈస్ట్‌లోని చెక్1కి బంధువని చూపింది. అదే ఏడాది సిబాన్, స్టీవెన్సన్, థ్యూర్‌కాఫ్ దీన్ని డీఎన్ఏ రెప్లికేషన్ చెక్‌పాయింట్‌తో ముడిపెట్టారు. మామూలు పిండంలోకి అఫిడికోలిన్ అనే మందు ఎక్కించి రెప్లికేషన్‌ను ఆపితే కేంద్రకాలు మైటోసిస్‌ను వాయిదా వేస్తాయి. గ్రేప్స్ పిండం ఆ వాయిదా వేయలేదు.

సిద్ధాంతం పక్కనపెట్టి ఒకసారి కళ్లారా చూడండి. హిస్టోన్‌కి (డీఎన్ఏ చుట్టుకుని ఉండే ప్రొటీన్‌కి) రంగు ప్రొటీన్ తగిలించిన ఈగల లైన్‌ని మీ మ్యూటెంట్‌తో కలిపి, ఆ ఆడవాటి గుడ్లు సేకరించి, సగం నీళ్లు కలిపిన బ్లీచ్‌లో రెండు నిమిషాలు ఉంచి పై పొర ఊడగొట్టి, హాలోకార్బన్ ఆయిల్ కింద కాన్ఫోకల్ మైక్రోస్కోప్‌లో పెట్టండి. 10వ చక్రం దాకా పెద్ద తేడా ఏమీ కనిపించదు. 11, 12లలో మామూలు పిండం నెమ్మదిస్తుంటే మీ పిండం అదే పరుగు పరిగెత్తుతుంటుంది. చివరి చక్రాలకొచ్చేసరికి క్రోమోజోములు సరిగ్గా గట్టిపడకముందే కేంద్రక త్వచం కరిగిపోతుంది. అనాఫేజ్‌లో విడిపోవాల్సిన జతల మధ్య డీఎన్ఏ తీగలు సాగుతూ కనిపిస్తాయి, కొన్ని అసలు విడిపోవు. ఆ తర్వాత కేంద్రకాలు ఒక్కొక్కటిగా ఉపరితలం వదిలి లోపలి పచ్చసొనలోకి జారిపోతాయి. ఆ జారిపోవడాన్ని బాగా గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

ఎక్స్‌రే లేకుండా చెక్1ని ఎవరు లేపుతున్నారు? మీ అసలు ప్రశ్న ఇదే. చాలాకాలం దీనికి వినిపించిన జవాబు కేంద్రకానికీ సైటోప్లాజానికీ మధ్య నిష్పత్తి. కేంద్రకాలు రెట్టింపవుతూ పోతుంటే తల్లి ఇచ్చిన సరుకు అంతే ఉంటుంది గనక ఏదో ఒకటి అడుగంటి చక్రం నెమ్మదిస్తుందని. ఎడ్గర్, కీల్, షూబిగర్ 1986లో చూపిన హాప్లాయిడ్ పిండాలు దీనికి గట్టి సాక్ష్యం: డీఎన్ఏ సగమే ఉన్న పిండాలు ఇంకో విభజన అదనంగా చేసుకుని అప్పుడు ఆగుతాయి. ఈ మధ్య ఆ అడుగంటేది ఏమిటో కూడా కొంత తేలింది. షిండో, అమోడియో 2021లో చూపినదాని ప్రకారం, తొలి పిండంలో కుప్పలుగా ఉండే హిస్టోన్ హెచ్3 చెక్1ని అడ్డుకుంటుంది. కేంద్రకాలు పెరిగేకొద్దీ హిస్టోన్లు డీఎన్ఏ చుట్టూ చేరిపోతాయి, చెక్1కి ఉన్న ఆ అడ్డు తొలగుతుంది.

అడ్డు తొలగితే సరిపోదు, చెక్1ని రెచ్చగొట్టేది కూడా ఒకటి కావాలి. దాన్ని బ్లైత్, వీషాస్ 2015లో పట్టుకున్నారు. నా దృష్టిలో ఈ రంగంలో ఇది అన్నిటికంటే అందమైన పని. 11, 12, 13 చక్రాల్లో పిండం సొంత జన్యువులు మేల్కొంటున్నాయి, ఆర్ఎన్ఏని తయారుచేసే ఆర్ఎన్ఏ పాలిమరేజ్ వచ్చి ప్రొమోటర్ల మీద, అంటే జన్యువులు మొదలయ్యే చోట్ల, కూర్చుంటోంది. సరిగ్గా అదే డీఎన్ఏ మీద రెప్లికేషన్ యంత్రం పరిగెత్తుతోంది. ఒకే వరుస ఉన్న ఘాట్ రోడ్డు మీద రెండు లారీలకు ఒకేసారి దారి కావాలంటే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. రెప్లికేషన్ ఫోర్క్, అంటే కాపీ జరుగుతున్న చీలిక, నిలిచిపోతుంది, ఒంటి పోగు డీఎన్ఏ బయటపడుతుంది, దాని మీద ఆర్‌పీఏ ప్రొటీన్ పేరుకుంటుంది. ఏటీఆర్ కైనేజ్‌ని పిలిచే గుర్తు అదే. ఏటీఆర్ వచ్చి చెక్1ని ఫాస్ఫారిలేట్ చేస్తుంది, అంటే ఫాస్ఫేట్ తగిలించి లేపుతుంది. పాలిమరేజ్ ఉన్నచోట్లే ఆర్‌పీఏ కూడా చేరుతోందని వాళ్లు చూపించారు. అంతకన్నా ముఖ్యం, జీనోమ్‌ని మేల్కొలిపే జెల్డా ప్రొటీన్‌ని తీసేసి ట్రాన్స్‌క్రిప్షన్ తగ్గిస్తే చెక్‌పాయింట్ అవసరమే తగ్గిపోయింది.

అంటే బయటి నుంచి ఏ దెబ్బా తగలక్కర్లేదు. పిండం ఎదగడమే రెప్లికేషన్‌కి ఒత్తిడి తెస్తుంది, ఆ ఒత్తిడిని ఏటీఆర్, చెక్1 తమకు తెలిసిన పద్ధతిలోనే అందుకుంటాయి. దెబ్బ తగిలినప్పుడు వాడే తీగనే పిండం ఇక్కడా వాడుతోంది. ఆ తీగ అవతలి కొస కూడా అదే: మైటోసిస్‌ని మొదలుపెట్టేది సీడీకే1 కైనేజ్. చెక్1 పనితో దాని మీది ఫాస్ఫేట్‌ని ఊడదీసే సీడీసీ25 ఫాస్ఫటేజ్ బలం తగ్గుతుంది, ఆ ఫాస్ఫేట్‌ని తగిలించే వీ1 కైనేజ్ మాట చెల్లుతుంది, సీడీకే1 మీద 15వ స్థానంలోని టైరోసిన్‌కి ఫాస్ఫేట్ అంటిపెట్టుకుని ఉంటుంది, మైటోసిస్ ఆగుతుంది. తల్లి దగ్గర్నుంచి వీ1 రాని పిండాలు కూడా గ్రేప్స్ పిండాల్లాగే పాడవుతాయి. ఈగలో సీడీసీ25లు రెండు, స్ట్రింగ్, ట్వైన్. 14వ చక్రానికి రెండూ నాశనమవుతాయి, ఆపైన పొడవాటి జీ2 వస్తుంది. అక్కణ్ణుంచి ఏ కణం ఎప్పుడు విభజన చెందాలో స్ట్రింగ్ ట్రాన్స్‌క్రిప్షన్ నిర్ణయిస్తుంది. దెబ్బ తగలని పిండంలో చెక్1 పెత్తనం ఆ చివరి కొన్ని సిన్సీషియల్ చక్రాల వరకే.

ఇక చెక్2.

గ్రేప్స్ పిండంలో కేంద్రకాలు ఉపరితలం వదిలి జారిపోతున్నాయన్నాను కదా. చెక్1 లేకపోతే సగం కాపీ అయిన డీఎన్ఏతో మైటోసిస్‌లోకి వెళ్తాయి, విడిపోవడంలో ఇబ్బంది పడతాయి, అంతవరకు అర్థమవుతుంది. కానీ సెంట్రోసోమ్‌లు, అంటే స్పిండిల్ రెండు కొసల్లో ఉండే కేంద్రాలు, ఎందుకు పనిచేయడం మానేస్తాయి? క్రోమోజోములను విడదీసే స్పిండిల్ ఎందుకు కుంగిపోతుంది? కేంద్రకం ఎందుకు లోపలికి పడిపోతుంది? సిబాన్ వాళ్లు 2000లో, టకాడా, కెల్కర్, థ్యూర్‌కాఫ్ 2003లో చూపించింది ఏమిటంటే, ఇది పిండం కావాలని చేస్తున్న పని. దెబ్బతిన్న డీఎన్ఏ, లేదా కాపీ పూర్తికాని డీఎన్ఏ మైటోసిస్‌లోకి వస్తే చెక్2 సెంట్రోసోమ్ మీదికి, స్పిండిల్ మీదికి ఎక్కువగా చేరి ఆ సెంట్రోసోమ్‌ని పనికిరాకుండా చేస్తుంది. స్పిండిల్ పోగులను మొలిపించే గామా ట్యూబులిన్ సముదాయం సెంట్రోసోమ్‌ని వదిలిపోతుంది. ఆ కేంద్రకం ఉపరితలం మీద పట్టు కోల్పోయి పచ్చసొనలోకి వెళ్లిపోతుంది, పుట్టబోయే ఈగలో దానికి చోటుండదు.

ఈ ఏర్పాటు ఎందుకో ఆలోచిస్తే సబబుగానే ఉంటుంది. ఈ దశలో కేంద్రకానికి సొంత కణమే లేదు, కాబట్టి అపోప్టోసిస్ (కణం తనను తాను చంపుకునే) పద్ధతిలో కణాన్ని చంపడం కుదరదు. పీ53 అనే ప్రొటీన్ వెళ్లి రీపర్, హిడ్ లాంటి జన్యువులను ట్రాన్స్‌క్రైబ్ చేయించి కణాన్ని చంపడం పెద్ద పిండంలో, లార్వాలో జరిగే సంగతి. ఈగ పిండంలో మామూలు అభివృద్ధి క్రమంలోని అపోప్టోసిస్ సుమారు 7 గంటల వయసులోగానీ మొదలవదు. ఆలోగా చెడ్డ కేంద్రకాన్ని వదిలించుకోవడానికి పిండం దగ్గరున్న మార్గం ఇదే. ఒకటి రెండు కేంద్రకాలు పోతే 6000లో లెక్కలోకి రాదు. గ్రేప్స్ పిండంలో మాత్రం దాదాపు అన్ని కేంద్రకాలూ తప్పుడు సమయంలో మైటోసిస్‌లోకి వెళ్తున్నాయి గనక చెక్2 అన్నిటినీ పక్కకు నెట్టేస్తుంది.

అందుకే డబుల్ మ్యూటెంట్ అంత ముఖ్యం. చెక్2 జన్యువుని ఎంఎన్‌కే అంటారు, అది పూర్తిగా లేని నల్ ఈగలు బతుకుతాయి, పిల్లల్నీ కంటాయి. గ్రేప్స్‌తో పాటు ఎంఎన్‌కే కూడా లేని తల్లి గుడ్లలో సెంట్రోసోమ్‌లు పనిచేస్తాయి, స్పిండిల్ నిలబడుతుంది, చెడ్డ కేంద్రకాలు కూడా ఉపరితలం మీదే ఉండిపోతాయి. అయితే క్రోమోజోముల మధ్య తీగలు మాత్రం పోవు, ఎందుకంటే రెప్లికేషన్ పూర్తికాకపోవడం అనే మూల లోపం అలాగే ఉంది. ఏది చెక్1 లేకపోవడం వల్ల నేరుగా వచ్చింది, ఏది దానికి చెక్2 ఇచ్చిన ప్రతిస్పందన అన్నది ఈ ఒక్క క్రాస్‌తో విడివిడిగా కనిపిస్తుంది. చెక్‌పాయింట్ మ్యూటెంట్ పేరుతో చాలామంది వర్ణించే ఫినోటైప్‌లో (పైకి కనిపించే లక్షణాల్లో) సగం ఇంకో చెక్‌పాయింట్ చేసిన పని. ఒంటి మ్యూటెంట్‌ని మాత్రమే చూసి మెకానిజం రాసేసే పేపర్లంటే నాకు నమ్మకం తక్కువ.

మీ ల్యాబ్‌లో పాత సమీక్షా వ్యాసాలు చదువుతుంటే ఒక చిక్కు రావచ్చు, ముందే చెబుతున్నాను. ఈగలో ఏటీఆర్ జన్యువు పేరు మెయ్-41. 1995లో దీన్ని క్లోన్ చేసినప్పుడు మనిషిలోని ఏటీఎం కైనేజ్‌కి సాటి అనుకుని అలాగే రాశారు, అప్పటి వ్యాసాల్లో అలాగే ఉంటుంది. అసలు ఏటీఎంకి సాటి టెఫు అనే వేరే జన్యువని 2004లో స్పష్టమైంది. టెఫు లేకపోతే క్రోమోజోముల కొసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కాబట్టి 1990ల వ్యాసంలో మెయ్-41ని ఏటీఎం అన్నా మీరు ఏటీఆర్ అనే చదువుకోండి.

లార్వా దశలో దెబ్బకి స్పందన మీకు తెలిసిందే, త్వరగా ముగిస్తాను. మూడో ఇన్‌స్టార్ (చివరి దశ) లార్వాకి 40 గ్రే ఎక్స్‌రే ఇచ్చి గంటలోపు రెక్క డిస్క్ (తర్వాత రెక్కగా మారే కణాల పొర) తీసి ఫాస్ఫో హిస్టోన్ హెచ్3 యాంటీబాడీతో రంగేయండి. మామూలు డిస్క్‌లో చుక్కలు, అంటే మైటోసిస్‌లో ఉన్న కణాలు, దాదాపు మాయమైపోతాయి. మెయ్-41, దాని జోడీ మస్-304, గ్రేప్స్ మ్యూటెంట్లలో చుక్కలు అలాగే మిగిలి ఉంటాయి. 4 గంటలు ఆగి అపోప్టోసిస్ చూస్తే అది చెక్2, పీ53ల ఖాతా. ఎంఎన్‌కే డిస్క్‌లో ఆ వేళకి కణాలు చావవు. ఆపడం చెక్1, వదిలించుకోవడం చెక్2, ఈ పంపకం పిండంలో చూసినట్టే ఇక్కడా కనబడుతుంది. పూర్తిగా విడివిడి కాదు, కొంత అటూ ఇటూ కలుస్తుంది, కానీ మొదట ఇలా పట్టుకుంటే తేలిక.

అభివృద్ధి జన్యువు అనే ముద్ర ఎంత తప్పుదారి పట్టిస్తుందో చూడటానికి ఇంకో చోటు అండాశయం. ఈగ గుడ్డుకి ముందువైపు, వీపు మీద రెండు సన్నని కొమ్ముల్లాంటివి పొడుచుకొస్తాయి. డిసెక్టింగ్ మైక్రోస్కోప్ కింద ఎవరికైనా కనిపిస్తాయి. కొన్ని మ్యూటెంట్ల గుడ్లలో ఆ రెండూ కలిసిపోయి ఒకటే అవుతాయి, లేదా అసలే ఉండవు. పిండం వీపు, పొట్ట దిక్కులను నిర్ణయించే గుర్కెన్ ప్రొటీన్ సరిగ్గా తయారుకాకపోవడమే కారణం. చూడగానే ఇది దిక్కుల జన్యువు అనిపిస్తుంది. స్పిండిల్-ఏ, స్పిండిల్-బీ, ఓక్రా అలా దొరికినవే. తీరా చూస్తే ఇవన్నీ విరిగిన డీఎన్ఏని అతికించే జన్యువులు. స్పిండిల్-ఏ అంటే రాడ్51, ఓక్రా అంటే రాడ్54. మియోసిస్‌లో (గుడ్డు తయారీకి జరిగే విభజనలో) క్రాసింగ్ ఓవర్, అంటే క్రోమోజోముల మధ్య ముక్కల మార్పిడి, కోసం కావాలని తుంచిన డీఎన్ఏ అతకకపోతే, ఏటీఆర్, చెక్2 దారిలో సంకేతం వెళ్లి గుర్కెన్ తయారీని ఆపుతుంది. గాబ్రియల్, షూప్‌బాక్ 1999లో మెయ్-41 తీసేస్తే గుడ్డు ఆకారం తిరిగి వస్తుందని చూపించారు. 2002లో అబ్దు, బ్రాడ్‌స్కీ, షూప్‌బాక్ చెక్2 తీసేసినా అంతేనని చూపించారు. 2007లో థ్యూర్‌కాఫ్ ల్యాబ్ నుంచి క్లాటెన్‌హాఫ్, ఆమె సహచరులు పిఐ ఆర్ఎన్ఏ అనే చిన్న ఆర్ఎన్ఏల దారిలోని మ్యూటెంట్ల దిక్కుల లోపం కూడా ఇదే చెక్2 చేతి పని అని తేల్చారు. చిన్న ఆర్ఎన్ఏ నేరుగా గుర్కెన్‌ని నియంత్రిస్తుందని ఎవరైనా అప్పటికే కట్టుకున్న నమూనా ఆ ఒక్క క్రాస్‌తో కదిలిపోయి ఉంటుంది.

కాబట్టి థీసిస్‌లో ఏం రాయాలంటారా? "చెక్1, రెప్లికేషన్ చెక్‌పాయింట్ కైనేజ్, మిడ్‌బ్లాస్టులా మలుపులో తల్లి నుంచి వచ్చిన చెక్1 తప్పనిసరి" అని రాయండి. గైడ్ మళ్లీ పట్టుబడితే బ్లైత్, వీషాస్ వ్యాసం ఆయన ముందు పెట్టండి.

ప్రయోగాల విషయంలో నేనైతే ఈ వరుసలో వెళ్తాను. మొదట గ్రేప్స్, ఎంఎన్‌కే డబుల్ కట్టండి. రెండు జన్యువులూ రెండో క్రోమోజోమ్ మీదే ఉన్నాయి, కాబట్టి రీకాంబినేషన్ చేసి ఒకే క్రోమోజోమ్ మీదికి తేవాలి, సీవైఓ బ్యాలెన్సర్ (రీకాంబినేషన్‌ని అడ్డుకునే, రెక్కలను వంకర చేసే క్రోమోజోమ్) మీద నిలబెట్టాలి. రీకాంబినెంట్ దొరికిందో లేదో పీసీఆర్‌తో నిర్ధారించుకున్నాకే ముందుకెళ్లండి, ఫినోటైప్ చూసి ఊహించుకోవద్దు. గుడ్లు ఇవ్వాల్సింది వంకర రెక్కలు లేని ఆడవి. హడావిడిలో సీవైఓ ఈగ ఒకటి బుట్టలో పడితే మామూలు పిండాలు కలిసిపోయి లెక్కలన్నీ చెడతాయి.

ఆపై లైవ్ ఇమేజింగ్‌లో 10 నుంచి 13 దాకా ప్రతి ఇంటర్‌ఫేజ్ పొడవు కొలవండి. గది ఉష్ణోగ్రత రాసిపెట్టుకోండి. ఈగ పిండం వేగం ఉష్ణోగ్రతను బట్టి బాగా మారుతుంది, మన వేసవిలో ఏసీ ఆగిన గదిలో తీసిన మూవీని 25 డిగ్రీల కంట్రోల్‌తో పోలిస్తే తేడా ఉన్నట్టే కనిపిస్తుంది. మ్యూటెంట్‌నీ కంట్రోల్‌నీ ఒకే పూట, ఒకే స్లైడ్ మీద పక్కపక్కన పెట్టి తీయడం ఉత్తమం.

హైడ్రాక్సీయూరియా, ఎక్స్‌రే రెండిటినీ ఒకే గాటన కట్టకండి. మొదటిది న్యూక్లియోటైడ్‌ల సరఫరా తగ్గించి ఫోర్క్‌ని నిలిపేస్తుంది, సిన్సీషియంలో సహజంగా జరిగేదానికి అది దగ్గర. ఎక్స్‌రే డీఎన్ఏ రెండు పోగులనూ తెంపుతుంది. తొలి పిండానికి ఎక్స్‌రే ఇచ్చి కేంద్రకాలు జారిపోవడం చూస్తే మీరు కొలుస్తున్నది ఎక్కువగా చెక్2ని. ఇంకో మాట, మనిషి చెక్1 మీద 345వ సెరిన్‌కి చేసిన ఫాస్ఫో యాంటీబాడీ కొని ఈగ పిండం మీద నేరుగా వేయకండి. వేసినా గ్రేప్స్ మ్యూటెంట్ లేన్ పక్కనే ఉండాలి, అందులో ఆ బ్యాండ్ మాయమైతేనే నమ్మండి.